కుర్చీ ఒకటి.. షిఫ్టులు మూడు.. లైసెన్సులు ఎన్ని?

2025 అక్టోబర్ 14న విశాఖలో ఎవరి ఫోన్ చూసినా ఒకటే వార్త. గూగుల్ మన ఊళ్లో ఏఐ హబ్ పెడుతోంది. ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి. సాయంత్రానికల్లా వాట్సాప్ స్టేటస్‌లన్నీ రుషికొండ డ్రోన్ షాట్లతో నిండిపోయాయి. సంతోషించాల్సిన కబురే, కాదనేదేముంది!

అదే రోజు ఇంకోటి కూడా జరిగింది. దాన్నెవరూ స్టేటస్ పెట్టుకోలేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆ రోజుతో ఆగిపోయింది.

గాజువాక ఆటోనగర్‌లో చూడండి, పోర్టు చుట్టూ ఉండే షిప్పింగ్ ఆఫీసుల్లో చూడండి, ద్వారకానగర్ ఆడిటర్ల దగ్గర చూడండి. ఏడెనిమిదేళ్ల కిందటి కంప్యూటర్లు ఇంకా బాగానే పనిచేస్తుంటాయి. వాటిలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. అలాగే వాడుకుందామంటే సెక్యూరిటీ అప్‌డేట్లు డబ్బు కట్టి కొనుక్కోవాలి. కంపెనీలకు ఒక్కో మెషీన్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, రెండో ఏడాది 122, మూడో ఏడాది 244. ఆ తర్వాత అదీ ఉండదు.

సరిగ్గా ఇక్కడే సేల్స్ వాళ్లు ఎంటరవుతారు. "పాత పీసీలు పారేయకండి సార్. అసలు కంప్యూటర్ క్లౌడ్‌లో ఉంటుంది. మీ పీసీ జస్ట్ స్క్రీన్ మాత్రమే. పైగా క్లౌడ్ పీసీ తీసుకున్నవాళ్లకు ఆ అప్‌డేట్లకు విడిగా కట్టక్కర్లేదు" అంటారు. ఆ మాట నిజమే. అయితే ఆ క్లౌడ్ పీసీకి కట్టే డబ్బు ఏ లెక్కన కట్టాలన్నది మాత్రం చాలామందికి అర్థం కాదు. నా ఉద్యోగం ఈ వర్చువల్ డెస్క్‌టాప్‌ల మీదే. ఏ సర్వర్ కొనాలి, ఎంత ర్యామ్ వేయాలి అన్న ప్రశ్నలకు పది నిమిషాల్లో జవాబు దొరుకుతుంది. లైసెన్స్ లెక్క తేలడానికి మాత్రం వారాలు పడుతుంది.

ఇంతకీ ఏమిటిది?

మీ ఫోన్లో యూట్యూబ్ వీడియో నడుస్తుంది. ఆ వీడియో మీ ఫోన్లో లేదు, ఎక్కడో సర్వర్లో ఉంది. బొమ్మ మాత్రం మీ చేతిలో కనిపిస్తోంది. వర్చువల్ డెస్క్‌టాప్ కూడా అంతే. విండోస్, ఎక్సెల్, ఆఫీసు ఫైళ్లు అన్నీ ఓ సర్వర్లో ఉంటాయి. మీ ముందున్న పాత పీసీ, లేదా ట్యాబ్, దాని బొమ్మను చూపిస్తుంది. మీ కీబోర్డు నొక్కుళ్లను అక్కడికి చేరవేస్తుంది.

కాల్ సెంటర్లు, బ్యాంకుల బ్యాక్ ఆఫీసులు, మెడికల్ కోడింగ్ సంస్థలు దీన్ని ఇష్టపడటానికి కారణం ఉంది. కస్టమర్ డేటా ఉద్యోగి మెషీన్‌లోకి దిగదు. పెన్‌డ్రైవ్‌లో పట్టుకుపోవడం కుదరదు. విశాఖ వాళ్లకు ఇంకో కారణం కూడా తెలుసు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఆఫీసుకు చేరితేనే పని అన్న చోట అంతా ఆగిపోయింది. కంప్యూటర్ వేరే ఊళ్లో ఉంటే, ఉద్యోగి నెట్ ఉన్న ఏ చోటి నుంచైనా పని మొదలుపెట్టొచ్చు.

బడి పిల్లలకు ముందే తెలుసు

ఇదేదో ఈమధ్య వచ్చిన టెక్నాలజీ అనుకుంటే పొరపాటు. నా వయసువాళ్లలో ప్రభుత్వ హైస్కూల్లో చదివినవాళ్లు దీన్ని చిన్నప్పుడే వాడి ఉండొచ్చు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 వేల ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్ ల్యాబులు పెట్టారు. ఎన్‌కంప్యూటింగ్ అనే అమెరికా కంపెనీ పరికరాలతో సుమారు 50 వేల సీట్లు. అసలు పీసీలు కొన్నే. ఒక్కో పీసీకి చిన్న డబ్బాలు తగిలించి, ఒక్కో డబ్బాకు మానిటర్, కీబోర్డు పెట్టేవారు. ఒకే కంప్యూటర్‌ను పిల్లలు పంచుకునేవారు, ఎవరి స్క్రీన్ వాళ్లదే.

కరెంటు ఖర్చు తగ్గింది, మెషీన్ ఖర్చు తగ్గింది. మరి విండోస్? మామూలు విండోస్ లైసెన్స్ ప్రకారం ఒక సమయంలో ఒక్కరే వాడాలి. మెషీన్‌ను పంచుకోవచ్చు గానీ ఆ హక్కును పంచుకోవడానికి లేదు. ఇలాంటి క్లాస్‌రూముల కోసమే మైక్రోసాఫ్ట్ 2010లో మల్టీపాయింట్ సర్వర్ అనే ప్రత్యేక విండోస్ తెచ్చింది.

ఆ బడి ల్యాబులో ఉన్న చిక్కే ఈనాటి ఆఫీసుల్లోనూ ఉంది. ఇనుము, సిలికాన్ చౌకగా పంచుకోవచ్చు. హక్కు మాత్రం తల లెక్కన కొనాలి. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అని పోరాడిన ఊరికి హక్కు అనే మాట విలువ వేరే చెప్పాలా? సాఫ్ట్‌వేర్‌లో మనం కొనేది వస్తువును కాదు, దాన్ని వాడుకునే హక్కును. అదీ షరతులతో.

ఒక డెస్క్‌టాప్, ఐదు బిల్లులు

పోర్టు దగ్గర ఓ లాజిస్టిక్స్ ఆఫీసులో అకౌంట్స్ చూసే పెద్దాయన ఒకసారి కొటేషన్ కాగితం నా ముందు పెట్టి, "ఏటి బాబూ ఇది? కంప్యూటర్లేమో తగ్గాయి, బిల్లేమో పెరిగిందేటి?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. ఎందుకంటే వర్చువల్ డెస్క్‌టాప్ అనేది ఒక వస్తువు కాదు. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లాంటిది. ప్రతి అంతస్తుకూ ఓనరు వేరు.

అడుగున సర్వర్‌ను ముక్కలుగా పంచే హైపర్‌వైజర్ ఉంటుంది. వీఎంవేర్ లాంటిది. దాని లెక్క ప్రాసెసర్ కోర్‌లను బట్టి. దానిపైన ఏ ఉద్యోగిని ఏ డెస్క్‌టాప్‌కు పంపాలో చూసే బ్రోకర్. సిట్రిక్స్, హొరైజన్ ఈ పనిచేస్తాయి. దీని లెక్క మనుషులను బట్టి, లేదా ఒకేసారి లాగిన్ అయినవాళ్లను బట్టి.

మూడో అంతస్తు విండోస్. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన విండోస్ ఆ ల్యాప్‌టాప్‌కే చెల్లుతుంది. సర్వర్లో ఉన్న డెస్క్‌టాప్ విండోస్‌ను వాడటానికి విడిగా హక్కు కావాలి. విండోస్ ఎంటర్‌ప్రైజ్ సబ్‌స్క్రిప్షన్ అయినా ఉండాలి, వీడీఏ అనే లైసెన్స్ అయినా కొనాలి. 2010లో ఈ వీడీఏను తెచ్చినప్పుడు దాని ధర ఒక్కో పరికరానికి ఏడాదికి 100 డాలర్లు. అదే విండోస్ సర్వర్‌ను పదిమందికి పంచే పద్ధతిలో వెళితే సర్వర్ లైసెన్స్, మామూలు క్యాల్, దానిపైన ఆర్‌డీఎస్ క్యాల్ కావాలి. క్యాల్ అంటే సర్వర్‌ను వాడుకోవడానికి కొనే ప్రవేశ టికెట్ అన్నమాట.

నాలుగో అంతస్తు ఆఫీస్ లాంటి అప్లికేషన్లు. ఇక్కడా మెలికలే. నలుగురు పంచుకునే సర్వర్లో ఆఫీస్ యాప్‌లు నడవాలంటే 'షేర్డ్ కంప్యూటర్ యాక్టివేషన్' ఉన్న ప్లాన్ కావాలి. మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియంలో అది ఉంది, బిజినెస్ స్టాండర్డ్‌లో లేదు. పేర్లు చూస్తే తేడా తెలియదు. ఇన్‌స్టాల్ చేశాక తెలుస్తుంది. ఐదో అంతస్తు యాంటీవైరస్, బ్యాకప్ వగైరా.

మన దేశీ సాఫ్ట్‌వేర్‌కూ దాని లెక్క దానికుంది. ట్యాలీప్రైమ్ సిల్వర్ ఒక్క యూజర్‌కు. గోల్డ్ అయితే ఒకే నెట్‌వర్క్‌లో ఎంతమందైనా వాడొచ్చు. సిల్వర్ 22,500, గోల్డ్ 67,500 అనుకుంటే సరిగ్గా మూడు సిల్వర్‌లకు ఒక గోల్డ్. అంటే ట్యాలీ వాడేది ఇద్దరైతే ఒక నిర్ణయం, నలుగురైతే ఇంకో నిర్ణయం. ఇంత సూటిగా ఉండే లెక్క ఈ రంగంలో అరుదు.

మనిషి లెక్కా, మెషీన్ లెక్కా?

పోర్టులో పనిచేసే వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఓడ వస్తే బెర్త్ అద్దె గంటల లెక్కన, ఓడ సైజు లెక్కన కట్టాలి. సరుకు మీద వార్ఫేజ్ టన్నుల లెక్కన కట్టాలి. ఆలస్యమైతే డెమరేజ్ వేరు. ఓడ ఒకటే, కొలతలు మాత్రం చాలా. ఏ కొలత ఎక్కడ పెరుగుతుందో తెలిసినవాడే లాభం మిగుల్చుకుంటాడు.

సాఫ్ట్‌వేర్‌లో ముఖ్యమైన కొలతలు నాలుగు. పేరుపేరునా మనిషికి, మెషీన్‌కు, ఒకేసారి లాగిన్ అయ్యే సంఖ్యకు, సర్వర్ కోర్‌కు.

విశాఖ షిఫ్టుల ఊరు. స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్‌లో పెరిగిన పిల్లలను అడగండి, గడియారం కన్నా ముందు ఏ, బీ, సీ షిఫ్టులు నేర్చుకుని ఉంటారు. ఏ షిఫ్ట్ పొద్దున్న 6 నుంచి 2, బీ షిఫ్ట్ 2 నుంచి రాత్రి 10, సీ షిఫ్ట్ 10 నుంచి తెల్లారి 6. ఈ పద్ధతే ఇప్పుడు బీపీవోలకూ, లాజిస్టిక్స్ కంట్రోల్ రూములకూ వచ్చింది. అమెరికా క్లయింట్‌కు రాత్రి షిఫ్ట్, యూరప్‌కు మధ్యాహ్నం షిఫ్ట్. కుర్చీ ఒకటే, మనుషులు ముగ్గురు.

30 కుర్చీలు, మూడు షిఫ్టులు, 90 మంది ఉన్న ఆఫీసును ఊహించుకోండి. మనిషి లెక్కన తీసుకుంటే 90 లైసెన్సులు. మెషీన్ లెక్కన 30. మూడు రెట్ల తేడా! అలాగని మెషీన్ లెక్కే ఎప్పుడూ మంచిదనుకోకండి. ఆ 90 మందీ ఇంటి నుంచి సొంత ల్యాప్‌టాప్‌లో కూడా లాగిన్ అయితే 30 ఆఫీసు మెషీన్లు, 90 ఇంటి మెషీన్లు కలిపి 120 అవుతాయి. అప్పుడు మనిషి లెక్కే నయం. వర్క్ ఫ్రమ్ హోమ్ మొదలయ్యాక పాత లెక్కతోనే రెన్యూవల్ చేసుకున్న ఆఫీసులు తమకు తెలియకుండానే రూల్ దాటేశాయి.

తెలియకుండానే అని ఎందుకంటున్నానంటే, సర్వర్ అన్నిసార్లూ అడ్డు చెప్పదు. ఆర్‌డీఎస్ పెట్టిన కొత్తలో 120 రోజులు లైసెన్స్ సర్వర్ లేకపోయినా అన్నీ నడుస్తాయి. ఆ గడువు దాటాకే కనెక్షన్లు తిరగ్గొడుతుంది. ఇక మనిషి లెక్కన తీసుకున్న క్యాల్‌ల విషయంలో, కొన్నదానికన్నా ఎక్కువమంది లాగిన్ అయినా లోపలికి రానిచ్చేస్తుంది. లెక్క అడిగేది ఆడిట్ వచ్చినప్పుడే.

రూపాయల్లో చూద్దాం

మైక్రోసాఫ్ట్ 2021 ఆగస్టులో విండోస్ 365 అనే క్లౌడ్ పీసీ తెచ్చింది. 4 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజీ ఉన్న పీసీకి అమెరికా లిస్ట్ ధర నెలకు 31 డాలర్లు. ఆ ధరనే పట్టుకుని, డాలర్ 88 రూపాయలనుకుంటే నెలకు 2,728. పన్ను కాకుండా ఏడాదికి 32,736. ఆ డబ్బుకు ఓ మోస్తరు ల్యాప్‌టాప్ దాదాపు వచ్చేస్తుంది. తేడా ఏమిటంటే ల్యాప్‌టాప్ వచ్చే ఏడాదీ మనదే. క్లౌడ్ పీసీకి వచ్చే ఏడాదీ కట్టాలి.

మన ఊహల్లోని 90 మందికి పేరుపేరునా ఇస్తే ఏడాదికి 29 లక్షల 46 వేలు.

షిఫ్టుల వాళ్ల కోసమే 2023లో 'విండోస్ 365 ఫ్రంట్‌లైన్' వచ్చింది. ఒక లైసెన్స్‌తో ముగ్గురికి క్లౌడ్ పీసీలు ఇవ్వొచ్చు, ఒక సమయంలో ఒక్కరే వాడాలి. అచ్చం మన కుర్చీ లెక్క! 90 మందికి 30 లైసెన్సులు చాలు. ఒక్కో లైసెన్స్ ధర మామూలు దానికన్నా ఎక్కువే ఉంటుంది. ఒకటిన్నర రెట్లు అనుకుందాం. అప్పుడు ఏడాదికి 14 లక్షల 73 వేలు. సగానికి సగం ఆదా అన్నమాట.

ఆగండి, సంబరపడకండి. ఫ్రంట్‌లైన్ వాడే ప్రతి మనిషికీ విండోస్ ఎంటర్‌ప్రైజ్, ఇన్‌ట్యూన్, ఎంట్రా ఐడీ పీ1 లైసెన్సులు కూడా ఉండాలి. ఇవన్నీ కలిసొచ్చే ప్యాక్ ఒక్కొక్కరికి నెలకు 8 డాలర్లు అనుకుంటే 90 మందికి ఏడాదికి మరో 7 లక్షల 60 వేలు. అది తీసేస్తే నికరంగా మిగిలేది 7 లక్షల 12 వేలు.

చిన్న కంపెనీలో ఏడు లక్షలంటే మాటలా! ఫ్రెషర్ ప్యాకేజీ మూడున్నర లక్షలనుకుంటే ఇద్దరి ఉద్యోగాలు. లైసెన్సుల ఎక్సెల్ షీట్ సరిగ్గా వేస్తే ఇద్దరు జాయినవుతారు, వేయకపోతే ఆ డబ్బు వాడని లాగిన్‌లకు పోతుంది. ఇదీ అసలు విషయం. లైసెన్స్ ఖర్చు అంటే ఐటీ డిపార్ట్‌మెంట్ తలనొప్పి అనుకుంటాం గానీ, దాని దెబ్బ తగిలేది ఆఫర్ లెటర్ కోసం ఎదురుచూసేవాళ్లకు.

షిఫ్ట్ మారే ఇరవై నిమిషాలనూ మరిచిపోవద్దు. 1:50కే బీ షిఫ్ట్ వాళ్లు లాగిన్ అవుతారు, 2:10 దాకా ఏ షిఫ్ట్ వాళ్లు లాగౌట్ అవ్వరు. ఆ కాసేపు 30 కాస్తా 60 అవుతుంది. అలాంటి సమయానికి కొంత వెసులుబాటు ఇస్తారు గానీ, దాని మీదే బండి నడిపితే కుదరదు.

కొనుక్కున్నది కాస్తా అద్దె అయ్యింది

ఇంతకుముందు ఒకసారి కొంటే ఎప్పటికీ వాడుకునే శాశ్వత లైసెన్సులుండేవి. 2023 నవంబర్ 22న బ్రాడ్‌కామ్ అనే చిప్‌ల కంపెనీ వీఎంవేర్‌ను 69 బిలియన్ డాలర్లకు కొనేసింది. వచ్చే నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి, అంతా సబ్‌స్క్రిప్షన్ అంది. వీఎంవేర్ వర్చువల్ డెస్క్‌టాప్ విభాగమైన హొరైజన్‌ను కేకేఆర్ అనే పెట్టుబడి సంస్థకు సుమారు 4 బిలియన్లకు అమ్మేసింది. అది ఇప్పుడు ఒమ్నిస్సా. అంతకుముందే, 2022లో, సిట్రిక్స్ 16.5 బిలియన్లకు చేతులు మారింది. అంటే మన అపార్ట్‌మెంట్‌లో రెండేళ్లలో రెండు అంతస్తుల ఓనర్లు మారిపోయారు.

ఓనరు మారితే అద్దె మారుతుందిగా. అమెరికా టెలికాం దిగ్గజం ఏటీ అండ్ టీ 2024లో బ్రాడ్‌కామ్ మీద కోర్టుకెక్కింది. తమకు 1,050 శాతం పెంపు ప్రతిపాదించారని ఆరోపించింది. చివరికి ఇద్దరూ రాజీపడ్డారు. అంత పెద్ద కంపెనీకి లాయర్లున్నారు. మన డాబా గార్డెన్స్ ట్రావెల్ ఏజెంట్‌కూ, పోర్టు రోడ్డు షిప్పింగ్ ఏజెంట్‌కూ ఉన్నది ఒక రీసెల్లర్ ఫోన్ నంబరు మాత్రమే.

సాఫ్ట్‌వేర్ వస్తువా, హక్కా అన్న ప్రశ్న మన రాష్ట్రం పేరు మీదే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య అమ్మకం పన్ను కేసు. సీడీలో పెట్టి అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ కూడా సరుకే, పన్ను కట్టాల్సిందే అని 2004 నవంబర్ 5న రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 2021 మార్చి 2న ఇంజినీరింగ్ అనాలిసిస్ కేసులో అదే కోర్టు రెండో వైపు చూపించింది. లైసెన్స్‌తో సాఫ్ట్‌వేర్ తీసుకున్నవాడికి కాపీరైట్ ఏమీ దక్కదు, వాడుకునే అనుమతి మాత్రమే ఉంటుంది, కాబట్టి విదేశీ కంపెనీకి కట్టే ఆ డబ్బు రాయల్టీ కాదు అంది. పన్నుకు సరుకు, వాడకానికి అనుమతి. క్లౌడ్ వచ్చాక చేతిలో ఆ సీడీ కూడా లేదు.

లైనక్స్ ఉందిగా?

కాలేజీ ఫ్రెండ్స్ గ్రూపులో ఈ టాపిక్ వస్తే ఎవరో ఒకరు ఈ మాట అంటారు. ఉంది, బాగా పనికొస్తుంది కూడా. నేటి ఉచిత వర్చువలైజేషన్‌కు మూలమైన కేవీఎంను తయారుచేసిన కుమ్రానెట్ అనే ఇజ్రాయెల్ కంపెనీ అసలు వ్యాపారం వర్చువల్ డెస్క్‌టాప్‌లే. 2008లో రెడ్‌హ్యాట్ దాన్ని 107 మిలియన్ డాలర్లకు కొంది. ఇవాళ వీఎంవేర్ బిల్లు చూసి భయపడిన చాలామంది వెళ్తున్న ప్రాక్స్‌మాక్స్‌లో నడిచేది ఆ కేవీఎమ్మే.

కాకపోతే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. దీంతో అడుగు అంతస్తు బిల్లు తగ్గుతుంది. పైన నడిచేది విండోస్ అయితే మూడో అంతస్తు బిల్లు అలాగే ఉంటుంది. విండోస్‌ను కూడా వదిలేద్దామంటే పని ఏమిటో చూడాలి. బ్రౌజర్లో టికెట్లు క్లోజ్ చేసే కాల్ సెంటర్‌కు లైనక్స్ హాయిగా సరిపోతుంది. కస్టమ్స్ కాగితాలు ఫైల్ చేసే ఆఫీసుకు డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ కావాలి. దాని డ్రైవర్, ట్యాలీ, పాత ఎక్సెల్ మాక్రోలు.. ఇవన్నీ విండోస్‌నే అడుగుతాయి. వర్చువల్ డెస్క్‌టాప్‌లో ఆ యూఎస్‌బీ టోకెన్‌ను గుర్తుపట్టించడమే ఒక యజ్ఞం. అందుకే అందరికీ ఒకే మందు వేయకుండా, 90 మందిలో నిజంగా విండోస్ కావాల్సింది ఎందరికో ముందు విడదీయాలి.

ఇక నాలుగైదు వందలకు ఆన్‌లైన్లో దొరికే కీలు, ఒకే విండోస్‌లో పదిమందిని లాగిన్ చేయించే చిట్కా టూల్స్.. దయచేసి వద్దు. పైరసీ కాపీ అని తెలిసీ కంప్యూటర్లో వాడితే కాపీరైట్ చట్టం 63బీ సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంటాయి. "మేనేజర్ చెప్పాడు, వేసేశాను" అనే సిస్టమ్ అడ్మిన్ కుర్రాడికి కూడా ఈ సెక్షన్ తెలిసుండాలి.

డేటా సెంటర్ పక్కనే ఉంటే?

గూగుల్ వార్త వచ్చాక నన్ను ఎక్కువమంది అడిగింది ఇదే. 'మన ఊళ్లోనే డేటా సెంటర్ వస్తే క్లౌడ్ చౌక అవుతుంది కదా?' స్పీడ్ పెరగొచ్చు. సర్వర్ దగ్గరైతే మౌస్ కదిపినప్పుడు స్క్రీన్ తొందరగా స్పందిస్తుంది. లైసెన్స్ ధరకు మాత్రం దూరంతో పనిలేదు. అది విశాఖలో వాడినా విజయనగరంలో వాడినా ఒకటే. అసలు ధర డాలర్లలో ఆలోచించి పెట్టేదే కాబట్టి రూపాయి జారితే మన బిల్లు ఏదో ఒకరోజు పెరుగుతుంది. స్టీల్‌ప్లాంట్ పక్కన ఇల్లున్నంత మాత్రాన ఇనుప చువ్వలు చౌకగా రావు కదా!

సంతకం పెట్టే ముందు అడగాల్సినవి

1. లెక్క దేనిమీద? మనిషా, మెషీనా, ఒకేసారి లాగిన్లా, కోర్‌లా? కొటేషన్లో ప్రతి లైనుకూ విడిగా రాయించుకోండి.

2. గత మూడు నెలల్లో ఒకే సమయంలో గరిష్ఠంగా ఎంతమంది లాగిన్ అయ్యారు? ఇది సర్వర్ లాగ్‌లో ఉంటుంది. ఊహించొద్దు, తీసి చూడండి.

3. దీనితో పాటు తప్పనిసరిగా ఉండాల్సిన వేరే లైసెన్సులేవి?

4. ఉద్యోగి మానేస్తే ఆ లైసెన్స్ కొత్తవాళ్లకు ఎన్ని రోజుల్లో మార్చొచ్చు? ఉద్యోగులు తరచూ మారే బీపీవోలకు ఇది ప్రాణం.

5. ధర ఎన్నేళ్లు మారదు? రెన్యూవల్‌లో పెంపుకు హద్దు ఉందా? 18 శాతం జీఎస్టీ కలిపిన ధరా, కలపనిదా? రిజిస్టర్డ్ వ్యాపారమైతే ఇన్‌పుట్ క్రెడిట్ సంగతి ఆడిటర్‌ను అడగండి.

6. కట్టడం ఆపేస్తే డేటా ఏమవుతుంది? ఎన్ని రోజుల్లో, ఏ రూపంలో వెనక్కి ఇస్తారు?

ఇంటర్వ్యూలకు వెళ్లే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. టీసీఎస్, కాగ్నిజెంట్‌లకు విశాఖలో ఎకరా 99 పైసలకు భూమి ఇచ్చారు. పెద్ద కంపెనీలు వస్తున్నాయి. అందరూ ఏఐ కోర్సుల వెంట పడుతున్నారు, పడండి, మంచిదే. దాంతోపాటు 'సాఫ్ట్‌వేర్ అసెట్ మేనేజ్‌మెంట్' అని ఒకసారి వెతికి చూడండి. కంపెనీ ఏ లైసెన్స్ ఎంత కొంది, ఎంత వాడుతోంది అని లెక్కచూసే ఉద్యోగం అది. కోడింగ్ కొంచెం, ఎక్సెల్ బాగా, షరతులు చదివే ఓపిక చాలా కావాలి.

ఉద్యోగంలో ఉన్నవాళ్లయితే ఇంకా తేలిక. ఈసారి రెన్యూవల్ మెయిల్ వచ్చినప్పుడు మీటింగ్‌లో, "సార్, మనవాళ్లు ఒకేసారి గరిష్ఠంగా ఎంతమంది లాగిన్ అవుతున్నారు?" అని అడిగి చూడండి. చాలా ఆఫీసుల్లో ఆ నంబరు ఎవరి దగ్గరా ఉండదు. సాయంత్రం లాగ్ తెరిచి మీరే తీయండి. రీసెల్లర్‌తో మాట్లాడేటప్పుడు మీ బాస్‌కు కావాల్సిన మొదటి కాగితం అదే.